కార్తీకం నుంచి శివరాత్రి దాకా: ఒకే గుట్టను పదేపదే ఎక్కేవాళ్లకు

నల్లగొండ, పాలమూరు వైపు గుట్టలకు కొదవ లేదు. నల్లగొండ పట్టణమే కాపురాల గుట్టకూ లతీఫ్ సాహెబ్ గుట్టకూ నడుమ ఉంది. దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిల్‌కొండ, ఖిల్లా ఘనపురం లాంటి పేరున్నవి చాలావరకు కోటలు. పేరు లేనివి ఊరికొకటి. మెట్లెక్కి దండం పెట్టుకుని దిగి రావడం గురించి కాదు ఇక్కడ చెప్పేది. తాడు లేకుండా, కాళ్లతో పాటు చేతులూ వాడుతూ, బండల మీదుగా, గుండ్ల సందుల్లోంచి పైకి పోవడం. చలికాలమంతా ఆ ఒక్క గుట్టకే మళ్లీ మళ్లీ పోవడం.

కొత్త గుట్ట మీద సగం ధ్యాస దారి వెతకడానికే సరిపోతుంది. తెలిసిన గుట్ట మీద ఆ ధ్యాసంతా కాలు పెట్టే చోట ఉంటుంది. కానీ దెబ్బలు తగిలేది కూడా 'తెలిసిందే కదా' అనుకున్న చోటే. రాయి ఉన్నచోటే ఉంటుంది. దాని మీది తడి, గడ్డి, తేనెపట్టు మాత్రం వారం తిరిగేసరికి మారిపోతాయి.

ఎలాంటి గుట్ట కావాలి

కింది పొలాల నుంచి 100, 150 మీటర్ల ఎత్తు చాలు. రోడ్డు నుంచి గుట్ట మొదటికి అరగంటకు మించి నడక ఉండొద్దు, లేకుంటే మూడోసారికే విసుగొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక వైపు గొర్లు మేకలు ఎక్కే బాట ఉండాలి. అదే మీ దిగుడు బాట. అన్ని వైపులా నున్నటి బండే ఉన్న గుట్ట చూడ్డానికి ఎంత బాగున్నా ఈ పనికి పనికిరాదు. భువనగిరి కోట నిలుచున్నది అలాంటి ఏకశిల మీదే. 500 అడుగులకు పైగా ఉంటుంది, అక్కడ రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇస్తారు. ఆ బండ ఎక్కాలనుంటే శిక్షకుల దగ్గర తాడుతో నేర్చుకోండి, మెట్ల దారి వదిలి సొంతంగా పోవద్దు.

కోటగోడల మీదికి ఎక్కకూడదు. సున్నం వదిలిన రాళ్లు చెయ్యి వేస్తే ఊడి వస్తాయి, పైగా రక్షిత కట్టడాల మీద అది నేరం. క్వారీ నడుస్తున్న గుట్టనైతే పూర్తిగా వదిలేయండి. పేలుడు ఎప్పుడు పెడతారన్నది ఒక్కటే సమస్య కాదు, ఆ అదురుకు పై గుండ్లు కదిలి ఉంటాయి. నల్లమల వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

మొదటి రోజు గుట్ట ఎక్కొద్దు, చుట్టూ తిరగండి. ఎక్కడ బండ ఏకబిగిన కిందికి దిగింది, ఎక్కడ గుండ్లు పేర్చినట్టున్నాయి, ఎక్కడ ఒర్రె కోసుకుపోయింది, ఏ చరియ కింద తేనెపట్టు వేలాడుతోంది అన్నవి కింది నుంచే బాగా కనబడతాయి. గుట్ట కింద మేకలు కాసే పెద్దమనిషి కనబడితే నిలబడి అడగండి: "ఈగలు ఏ దిక్కున్నయే పెద్దాయనా? ఈ నడుమ ఎలుగొడ్డు గిట్ల కనబడ్డదా?" పాలమూరు గుట్టల్లో చిరుతలూ తిరుగుతాయి. ఏ సొరికెలో ఏముందో మ్యాపు చెప్పదు, ఆయన చెబుతాడు.

రెండోసారి గొర్ల బాటన పైకెక్కి, మీరు ఎక్కాలనుకున్న వైపును పై నుంచి చూడండి. పది ఇరవై అడుగులు దిగి, మళ్లీ పైకి రండి. ఇట్లా పై ముక్కను పై నుంచీ, కింది ముక్కను కింది నుంచీ చూసుకున్నాకే మూడోసారి మొత్తం దారి ఎక్కాలి. దిగలేని చోటును ఎక్కకూడదన్న నియమం ఈ పద్ధతిలో దానంతటదే అమలవుతుంది.

వాన పడ్డాక ఎన్ని రోజులు ఆగాలి

నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా తెలంగాణ విడిచి పోతాయి. కార్తీకం వచ్చేసరికి ఆకాశం తేటపడుతుంది. అయినా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నవంబరులోనూ రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. ముసురు వదిలి ఎండ రాగానే గుట్టకు పరుగెత్తేవాళ్లే ఎక్కువగా జారిపడతారు.

ఎండ తగిలే బండకు రెండు పూర్తి ఎండ రోజులు ఇవ్వండి. ఉత్తరం వైపు బండకూ, చెట్ల నీడ పడే చోటుకూ నాలుగైదు రోజులు. చలికాలంలో పొద్దు దక్షిణంగా వాలి నడుస్తుంది కాబట్టి ఉత్తరపు వాలుకు నేరుగా ఎండ దొరకదు. వేసవిలో ఎండిపోయి గరుకుగా కనబడిన బండే నవంబరులో చెమ్మతో ఉంటుంది.

బండ మీద పై నుంచి కిందికి నల్లటి చారలు చూసే ఉంటారు. అవి నీళ్లు కారిన జాడలు. ఆ నలుపు ఎండిన నాచు. ఎండినప్పుడు దాని మీద కాలు బాగానే నిలుస్తుంది. తడి తగిలిందా, అదే చార జారుడుబండ అవుతుంది. వాన ఆగి వారమైనా కొన్ని చారలు తడిగానే ఉంటాయి. అలాంటి చార వెంట పైకి చూస్తే ఒక అరుగు మీద మట్టీ గడ్డీ, లేదా ఒక దొన కనబడుతుంది. అక్కడ నిలిచిన నీళ్లే చుక్కచుక్కగా కారుతుంటాయి. కాబట్టి దారి ఎంచుకునేటప్పుడు దొనల కిందుగా పోయే గీత వదిలేసి, నల్ల చారలకు పక్కనున్న తెల్లటి, గులాబీ రంగు బండను పట్టుకోండి.

వాన లేకున్నా మంచు ఉంటుంది. ఇగం పట్టిన పొద్దున బండ మీద అరచెయ్యి బోర్లా ఆనించి అయిదు లెక్కపెట్టి తీయండి. చెయ్యి చెమ్మగా అనిపిస్తే ఇంకో గంట ఆగాల్సిందే. తూర్పు ముఖం సాధారణంగా ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఆరుతుంది. పడమటి ముఖానికి పదకొండు దాటాలి.

నవంబరు చివర ఇక్కడ ఆరున్నరకు కాస్త ముందు పొద్దు పొడుస్తుంది, సాయంత్రం 5:40కి గూకుతుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలకు కాలి కింద ఏముందో కనబడదు. నాలుగున్నరకల్లా చేతులు వాడాల్సిన చోట్లన్నీ దాటి నడక బాట మీద ఉండాలని పెట్టుకోండి. ఇందులో బేరం లేదు.

వెంట ఏముండాలి

చెప్పులు వద్దు. మందపాటి ట్రెక్కింగ్ బూట్లు కూడా ఈ బండకు అంత మంచివి కావు. గట్టి అంచు, లోతు గాడులున్న అడుగు బండ మీద కొసలతోనే ఆనుతుంది. పలుచటి, మెత్తటి రబ్బరు అడుగున్న, పాదానికి బిగుతుగా పట్టే బూట్లు మేలు. మామూలు కాన్వాసు బూట్లూ పనిచేస్తాయి, అడుగు అరిగి నున్నబడనంతవరకు. కాలి వేళ్ల గోళ్లు ముందురోజే తీసుకోండి. తీయకుంటే దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది.

మందం ప్యాంటు, నిండు చేతుల లేతరంగు చొక్కా, తువ్వాల. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పల్లిపట్టీలో ఖర్జూరాలో. నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీ ఒకటి, ముళ్లు తీసే చిమ్మట, విజిల్, తలకు కట్టుకునే టార్చి. అన్నీ వీపు సంచిలోకే, చేతులు ఖాళీగా ఉండాలి. సంచి అయిదు కిలోలు దాటితే బండ మీద వెనక్కి లాగుతుంది.

లారీ తాడు, బావి తాడు మాత్రం తేవొద్దు. ఎట్లా కట్టాలో తెలియని తాడు ఉన్న ధైర్యాన్ని మించి ఎక్కిస్తుంది. పైనున్నవాడు దాన్ని నడుముకు చుట్టుకుని నిలబడితే కిందివాడితో పాటు తనూ వస్తాడు.

బండ మీద

ఇక్కడి గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. గరుకు రాయి, ఆరినప్పుడు రబ్బరును బాగా పట్టుకుంటుంది. పట్టుకోవడానికి ఏమీ లేని బండను కూడా కాళ్లతో ఎక్కవచ్చు. అది నమ్మడమే మొదట్లో కష్టం.

వాలు ఎంతుందో కంటితో అంచనా వేయకండి, భయమున్నప్పుడు అంతా నిట్టనిలువుగానే కనబడుతుంది. ఫోనులో లెవెల్ చూపే యాప్ పెట్టి, ఫోనును బండ మీద ఆనించి చూడండి. 25 డిగ్రీల లోపు నడక. 25 నుంచి 35 దాకా జాగ్రత్తగా నడక, అప్పుడప్పుడు చెయ్యి. 40 దాటితే తాడు లేకుండా వద్దు. కింద చదును నేల ఉందా, బండ అట్లాగే చరియలోకి జారుతుందా అన్నది కూడా చూసుకోవాలి. కింద చరియ ఉంటే 25 డిగ్రీల బండ కూడా ప్రమాదమే.

బండ మీదికి అడుగు పెట్టే ముందు బూటు అడుగును రెండో కాలి పిక్కకేసి తుడవండి. గుట్ట మొదట్లో అంటుకున్న ఇసుక నాలుగు గింజలున్నా చాలు, అవే గుండుపూసల్లా దొర్లి కాలు జారుతుంది. జారిన ప్రతిసారీ బూటును తిట్టేవాళ్లు ఈ పని చెయ్యరు.

నడుము బండకు దూరంగా ఉంచి, బరువు నేరుగా పాదాల మీదికి దింపండి. మడమ కిందికి వాల్చండి, అప్పుడే రబ్బరు ఎక్కువ మేర ఆనుతుంది. అడుగులు చిన్నవి, జానెడు జానెడు. భయం వేసినప్పుడు ఒళ్లు తనంతట తానే బండకు అతుక్కుంటుంది. అతుక్కున్న కొద్దీ బరువు ముందుకు వాలి పాదాలు వెనక్కి తన్నుతాయి, జారేది అప్పుడే. చేతులు బండ మీద అరచేతులు ఆనించడానికే తప్ప గోళ్లతో గీరడానికి కాదు.

రాతిని దగ్గరగా చూడండి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఖనిజపు పలుకులు బొటనవేలి గోరంత మేర పైకి లేచి ఉంటాయి, బూటు కొస వాటి మీద నిలుస్తుంది. అదే బండకు అడ్డంగా తెల్లటి పలుగురాయి పట్టీ పోతుంటే దాని మీద కాలు పెట్టొద్దు, దాటి వేయండి. అది చుట్టూ ఉన్న రాయి కన్నా నున్నగా ఉంటుంది, ఎండలోనూ జారుతుంది.

ఇక పొరలు. భూమి లోతుల్లో గట్టిపడిన ఈ రాయి, మీది బరువు కొట్టుకుపోయాక ఉబ్బి, ఉల్లిపొరల్లా లేస్తుంది. పరుపుబండ అంచున రెండు మూడు అంగుళాల మందం పెచ్చులు కనబడేది అందుకే. అవి చేతికి చక్కగా అందుతాయి. పట్టుకునే ముందు పిడికిలి కణుపులతో తట్టండి. 'టక్' మంటే రాయి ఒకటే. 'డొబ్' మని డొల్ల మోత వస్తే కింద ఖాళీ ఉన్నట్టు. డొల్ల పెచ్చును తాకకుండా పోవడమే మంచిది. తప్పనిసరైతే కిందికి నొక్కండి, మీ వైపు లాగొద్దు. కింద మనిషి ఉంటే నొక్కడం కూడా వద్దు.

ఇద్దరు ఎక్కుతుంటే ఒకరి కింద ఒకరు ఉండకూడదు. పక్కపక్కన ఎక్కండి, లేదా ఒకరు ఒక ముక్క దాటి పక్కకు జరిగాకే రెండోవారు మొదలుపెట్టండి. రాయి దొర్లితే "రాయి! రాయి!" అని గట్టిగా అరవాలి. కిందున్నవారు తల పైకెత్తి చూడకుండా గుండుకు అతుక్కోవాలి.

గుండ్లు, సందులు, సొరికెలు

రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. ఏ గుండునైనా బరువు వేసే ముందు ఒకసారి కదిపి చూడండి. కారు సైజు గుండు కదలదనుకోవద్దు. కింద చిన్న రాయి మీద నిలబడ్డ గుండు ఎంత పెద్దదైనా ఊగుతుంది.

సందులో ఎక్కేటప్పుడు ఒక గోడకు వీపు, ఎదురు గోడకు పాదాలు. ఒత్తిడి వదలకుండా వీపును కాస్త పైకి జరిపి, తర్వాత కాళ్లు జరపాలి. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు శివాలయం గుట్ట మీది మూడు గుండ్ల సందులో ఒళ్లు పక్కకు తిప్పి దూరినవాళ్లకు ఇందులో సగం వచ్చేసినట్టే: ఊపిరి వదిలితే ఒళ్లు సన్నబడుతుంది, పీల్చి బిగబడితే నిలుస్తుంది. సందులోకి పోయేముందు వీపు సంచి తీసి పాదానికి వేలాడదీయండి. వీపునున్న సంచే మనిషిని ఇరికిస్తుంది.

కనబడని చోట చెయ్యి పెట్టొద్దు. పై అరుగును తడిమి పట్టుకునే ముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టండి, సొరికెలోకి టార్చి వేసి చూడండి. తేళ్లు, మండ్రగబ్బలు రాళ్ల కింద ఉంటాయి. రక్తపింజర చలి పొద్దుల్లో ఎండ కాచుకోవడానికి బండ మీదికి వస్తుంది, అది తప్పుకుని పోయే పాము కాదు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. నడిపించకుండా మోసుకు దించడం మేలు.

గడ్డిని పట్టుకుని ఎక్కేవాళ్లు చాలామంది. కార్తీకంలో పచ్చి గడ్డి కొంత ఆగుతుంది గానీ, మార్గశిరం నాటికి ఎండి వేళ్లతో సహా ఊడుతుంది. ఎండుగడ్డి పరిచిన బండ మీద కాలు వేస్తే గడ్డితో సహా జారుతారు. చెట్లలో నెర్రెలో వేరు దిగిన రావి, జువ్వి నమ్మదగినవి. అదీ కాండం మొదలు దగ్గర పట్టుకుంటేనే. సీతాఫలం సన్న కొమ్మలు, తెల్లటి బెరడున్న తపసి చెట్టు కొమ్మలు బరువు ఆపవు. దూలగొండి కాయలు ఎండేదీ ఈ రోజుల్లోనే. దాని నూగు అంటితే గోకొద్దు, నీళ్లు పోసి రుద్దొద్దు. ముందు పొడిమట్టి చల్లి దులపండి లేదా టేపు అంటించి లాగండి, తర్వాతే సబ్బుతో కడగండి.

తేనెటీగలు

ఈ గుట్టల మీద పాముకన్నా ఎక్కువ భయపడాల్సింది పెద్ద తేనెటీగలకే. చరియ కింద నల్లగా, సగం చందమామ ఆకారంలో వేలాడేది పట్టు. పోయిన వారం లేని చోట ఈ వారం ఉండవచ్చు, అందుకే ఎక్కే ప్రతిసారీ కింది నుంచి చూసుకోవాలి. పట్టు ఉన్న ముఖం ఆ నెలకు మీది కాదు. అత్తరు, సెంటు పూసుకుని పోవద్దు. పొగ పెట్టొద్దు, కేకలు పెట్టొద్దు, పక్క గుండు మీది నుంచి రాయి దొర్లించొద్దు.

ఒకటి కుట్టగానే తువ్వాల ముఖానికి చుట్టి, మారు మాట లేకుండా తెలిసిన నడక బాట వైపు దూరంగా పోవాలి. చేతులు విసరొద్దు. కుట్టిన చోట ముల్లు ఉండిపోతుంది, దాన్నుంచి విషం ఇంకా దిగుతూనే ఉంటుంది. ఈగలు వదిలాక గోటితో గీరి వెంటనే తీసేయండి. పదికి మించి కుట్టినా, ఆయాసం, ముఖం వాపు, కళ్లు తిరగడం కనబడినా ఆసుపత్రికే. బండ మీద ఉన్నప్పుడు ఈగలు లేచినా ఒకటే మాట: దూకొద్దు.

మళ్లీ మళ్లీ ఎక్కేటప్పుడు

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని నాలుగు సంగతులు రాయండి: తేదీ, చివరి వాన ఎప్పుడు, ఏ గీతన ఎక్కారు, ఎక్కడ తడబడ్డారు. బండలకు పేర్లు పెట్టుకుంటే చెప్పుకోవడం తేలిక. రంగు పూసి గుర్తులు మాత్రం పెట్టొద్దు. ఆనవాలుకు రాళ్లు పేర్చినా దిగేటప్పుడు తీసేయండి, లేకుంటే దారి తెలియనివాళ్లు వాటిని చూసి మీ వెనకే వస్తారు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. పాత గీతను కొత్త వేళలో ఎక్కవచ్చు, కొత్త గీతను అలవాటైన వేళలో ఎక్కవచ్చు. కొత్త గీత, కొత్త తోడు, ముసురు తర్వాతి రోజు, మూడూ కలిసొస్తే ఆ రోజు గొర్ల బాట చాలు.

120 మీటర్ల గుట్టకు నడక బాటన అరగంట, బండల మీదుగా గంట పడుతుంది. ఒకే రోజు రెండు మూడు మార్లు ఎక్కాలంటే బండ వైపు ఎక్కి, బాటన దిగి, పావుగంట కూర్చుని మళ్లీ మొదలుపెట్టండి. బండ వైపు దిగడం అలవాటు కావాలి గానీ, అది మొదటి మారులోనే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే. పిక్కలు వాటంతటవే వణకడం మొదలైతే ఆ రోజుకు బండ అయిపోయినట్టే. మోకాళ్ల పైకండరాలు నొప్పిపెట్టేది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. రెండో రోజు ఎక్కువవుతుంది. వారానికి రెండుసార్లు, నడుమ రెండు రోజుల విరామం పెట్టుకుంటే సరిపోతుంది.

దిగేటప్పుడు వాలు తక్కువుంటే ముఖం బయటికి, మోకాళ్లు వంచి, కాస్త కూర్చున్నట్టు నడవాలి. ఎక్కువుంటే ముఖం బండ వైపు తిప్పి, కాలు ఎక్కడ పడుతోందో చంక కింది నుంచి చూసుకుంటూ దిగాలి. కూర్చుని జారుతూ రావడం పిల్లలాటలా ఉంటుంది గానీ, వేగం అందుకుంటే చేతులతో ఆపలేరు.

పైకీ కిందికీ పోలేని చోట ఇరుక్కుంటే మొదట కూర్చోగల చోటు చూసుకోండి. నీళ్లు తాగండి. అయిదు నిమిషాలాగి, వచ్చిన అడుగులే ఒక్కొక్కటి వెనక్కి వెతకండి. దొరక్కపోతే అక్కడే ఉండి విజిల్ మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు. ఫోను అందితే 112. కింద ఎవరో ఒకరికి ఏ గుట్ట, ఏ వైపు, ఎన్నింటికి దిగుతామో ముందే చెప్పి వస్తే ఇది తేలికవుతుంది. ఒంటరిగా పోయేవాళ్లు అది చెప్పకుండా పోనేకూడదు.

పైన గుడో దర్గానో ఉంటే బూట్లు బయట వదలండి. కార్తీక సోమవారాల్లో, ఉర్సు రోజుల్లో భక్తుల మెట్ల పైన ఉన్న బండల జోలికి పోవద్దు, మీ కాలికి తగిలిన గులకరాయి కింద ఎవరి తలమీదో పడుతుంది. బీడీ, నిప్పు వద్దు. పుష్యం నాటికి గడ్డి అంతా ఎండి ఉంటుంది, గుట్టకు అంటుకుంటే మేకలకు ఆ ఏటి మేత పోతుంది. శివరాత్రి దాటితే పదింటికే బండ కాలుతుంది, రబ్బరు మెత్తబడి పట్టు తగ్గుతుంది. అప్పటికి ఆపేసి, వానాకాలం పోయాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎన్నిసార్లు ఎక్కిన గుట్టనైనా మొదటి రోజు చుట్టూ తిరగడంతోనే మొదలుపెట్టండి. వానలకు గుండ్ల కింది మట్టి కోసుకుపోయి ఉంటుంది.